కోనసీమ నీరు, గాలపుటెఱ

కోనసీమ యనగానే కొబ్బరితోటలును, ఆత్రేయపురపు పూతరేకులును, పులసచేపయు జ్ఞప్తికి వచ్చుట సహజము. వీనిలో తుదిదానికి గలిగిన కీర్తి తక్కిన జలచరముల కన్నిటికి గ్రహణము పట్టించినది. పుస్తె లమ్మియైనను పులస తినవలెనను సామెతను పుట్టించినవారు పుస్తెలు ధరించినవారు మాత్రము కారని మా నమ్మకము. ఆ మాట యటుండనిండు. పులస వలకు చిక్కునుగాని గాలమునకు చిక్కదు. సముద్రమునుండి వఱదనీటి కెదురెక్కి వచ్చు నా చేప నీటిలోని సూక్ష్మజీవములను మొప్పలయందు వడియగట్టుకొని బ్రతుకునదే కాని, నోరు తెఱచి యెఱను పట్టునది కాదు. కావున గాలపు వేటను గూర్చి వ్రాయబూనిన మేము పులసను వలవారికే విడిచిపెట్టుచున్నాము.

క్రిందటి శ్రావణమునుండి మాఘమువఱకు మూడు పర్యాయములు మేము కోనసీమకు పోయితిమి. మొదట కొత్తపేట, పిదప అమలాపురము, తుదకు రాజోలును అంతర్వేదియు. పేరంటములకును, బంధుదర్శనమునకును, తీర్థమునకును పోయినవారమే గాని చేపలను చూడ పోయినవారము కాము. అయినను ప్రతి వంతెనమీదను, ప్రతి లాకువద్దను గాలపుకఱ్ఱ పట్టుకొని కొంగవలె నిశ్చలముగ కూర్చున్న మనుష్యుడొకడు కనబడుచునే యుండెను. ఒకచోట వానపామును, ఒకచోట కప్పను, మఱియొకచోట ప్రాణముతోనున్న రొయ్యను గ్రుచ్చుచుండుట చూచి, ఈ భేదమునకు కారణమేమని యడుగ మొదలిడితిమి. చెప్పినవారిలో సగము మంది స్త్రీలగుట మా కచ్చెరువు గొలిపెను. గాలము వేయువాడు పురుషుడే కావచ్చును. ఎఱను సంపాదించి, బ్రతికించి, ఏ దినమున కేది తగునో నిర్ణయించునది పెక్కిండ్ల ఆడుదియే.

గోదావరి ధవళేశ్వరమువద్ద గౌతమియు వసిష్ఠయు నను పాయలుగ చీలును. గన్నవరమువద్ద వసిష్ఠనుండి వైనతేయ వేఱుపడును. ఈ పాయల నడుమ సముద్రమువఱకు వ్యాపించిన నేల కోనసీమ. 2022 ఏప్రిలు నుండి ఇది వేఱొక జిల్లాయైనది. నీరన్న నొక్కటే యని మన మనుకొందుము గాని యిచ్చట నాలుగు విధముల నీరు గలదు. ఏటినీరు, కాలువనీరు, మురుగుకోటి నీరు, ఉప్పుటేటి నీరు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువనీరు మనుష్యుని యాజ్ఞకు లోబడినది. జూను నెలలో వదలుదురు, వేసవిలో మరమ్మతులకై కట్టివేయుదురు. కట్టివేసిన దినములలో కాలువ యడుగున మడుగులు మాత్రము మిగులును. అప్పుడు గాలముతో పనిలేదు, పిల్లలు చేతులతోనే పట్టుదురు. మురుగుకోళ్లు చేలలోని మిగులునీటిని సముద్రమువైపు దింపును. ఉప్పుటేఱు మాత్రము చంద్రుని యాజ్ఞలో నుండును.

శ్రావణశుక్రవారపు పేరంటమునకై కొత్తపేట పోయినప్పుడు గౌతమి యెఱ్ఱనీటితో నిండియుండెను. ఎక్కడెక్కడి నేలలనో వర్షము కడిగి తెచ్చిన మట్టియే ఆ యెఱుపు. 1986 ఆగస్టు వఱదలో ధవళేశ్వరమువద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు దాటినది. 2022 జూలైలో 25 లక్షలకు మించినది. మేము చూచినది వానితో పోల్చదగినది కాకున్నను, లంకలలోని యరటితోటలు మోకాటిలోతు నీట నిలిచియుండెను. గట్టుప్రక్క నొక ముసలామె పెంటపోగు దరినున్న తడినేలను గునపముతో పెకలించి వానపాములను కొబ్బరిచిప్పలో నేఱుచుండెను. వానపామును ఈ ప్రాంతమున ఎఱ్ఱ యందురు. మనుమడు గాలము వేయునట. ఎఱ్ఱల నేఱుట యామె పని.

"మామ్మా, రొయ్యనో కప్పనో పెట్టకూడదా? ఇదే యెందుకు?" అని యడిగితిమి.

"ఆయ్, ఎర్రనీళ్ళలో చేప కంటికి ఏం అగుపడదండమ్మగారూ. ముక్కు పట్టుకునే రావాలి. ఎర్రకి వాసనుంటాదండి. ఒక్కటి గుచ్చితే చాలదు, గుత్తి కట్టాల" అని యామె బదులు చెప్పెను.

ఆమె చెప్పినదానికి శాస్త్రము ననుసరించియు ఆధారము గలదు. చేపకు వాసన తెలిసికొను శక్తి మెండు. అదియుగాక, చాల చేపలకు తలవద్దనుండి తోకవఱకు ప్రక్కల నొక సన్నని గీత యుండును. నీటిలో కలుగు నల్పమైన కదలికను సయితము దానిచే గ్రహించును. నీరు బురదయైనప్పుడు కన్ను పనిచేయదు గాన, వాసనగలదియు, మెలికలు తిరుగుచు నీటిని కదల్చునదియు నైన యెఱ కావలెను. వానపాముల గుత్తికి రెండు గుణములును గలవు. ఎఱ్ఱనీటి కాలమున నడియేట గాలము వేయుట వ్యర్థము. ఆ వడికి చేపలే నిలువలేవు. గట్టు వంపు తిరిగి నీటి వేగము విఱిగినచోట, పడిపోయిన చెట్టు చాటున, అడుగున తగులునట్లు బరువైన సీసపుగుండు కట్టి వేయవలెను. అట్లు వేసిన ఆ మనుమడు మేము చూచుచుండగనే మీసముల జెల్లలను నాలుగింటిని లాగెను. వాలుగ చేపయు నిట్లే దొరకునట గాని, మా యదృష్టమున కది రాలేదు.

ఏ కాలమున కే యెఱ యను విచారము మనకు క్రొత్త కాదు. అమరకోశమున వారివర్గము చదివినవారికి బడిశము, మత్స్యవేధనము అను గాలపు పేరులు కంఠస్థములే. పశ్చిమ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమే కలదు. ఏ చేప కెట్టి యాహారము పెట్టవలెనో, గాలముతో నెట్లు పట్టవలెనో, రాజులకు వినోదముగ నందు చెప్పబడినది. సీమలో 1496లో అచ్చుపడిన గాలపువేట గ్రంథమును జూలియానా బెర్నర్సు అను మఠవాసిని పేర చెప్పుకొందురు. ఆమెయే వ్రాసినదా యని పండితులు శంకింతురు. ఎవరు వ్రాసినను, దారముతోను, ఉన్నితోను, పక్షుల యీకలతోను కట్టిన పండ్రెండు బూటకపు టీగలను వర్ణించి, ఏ నెల కేది తగునో అందు నిర్ణయించిరి. ఆ గ్రంథమునకు స్త్రీ పేరు తగిలించుట తగియే యున్నదని, కొబ్బరిచిప్పలో నెఱ్ఱల నేఱు మామ్మను చూచిన పిదప మాకు తోచినది.

దసరా సెలవులలో అమలాపురము పోవునప్పటికి నీటి రంగు మాఱినది. కాలువ ఆకుపచ్చదనము దేఱియుండెను. చేలు పొట్టకు వచ్చుచుండెను. మురుగుకోళ్లలో గుఱ్ఱపుడెక్క యెంత దట్టముగ పెరిగినదనగా, తెలియనివారు పచ్చికబయలని యడుగిడ జూతురు. దక్షిణ అమెరికానుండి పూవుల సొగసునకై దెచ్చుకొన్న మొక్క యిది. మనుష్యులకు దీనివలన నెంత యిబ్బందియో, కొరమీనున కంత సుఖము. కొరమీను గాలిని పీల్చు చేప. మొప్పలున్నను చాలక మాటిమాటికి పైకి వచ్చి గుటకవేసి పోవును. దట్టమైన నాచు క్రింద, గుఱ్ఱపుడెక్క నీడలో పొంచియుండి, పైన కదలిన ప్రాణిని ఒక్క పెట్టున మ్రింగును. కప్ప దానికి మిక్కిలి ప్రియము. కావున పూర్వమునుండియు కొరమీను వేటకు చిన్నకప్పను వెన్నుచర్మమున మాత్రము గాలమునకు తగిలించి, అది యీదునట్లు నీటిపై నాడించుట వాడుక.

ఇప్పుడు బ్రతికిన కప్పకు బదులు రబ్బరు కప్ప వచ్చినది. కాలేజీ చదువు చదువు బాలురు చక్రము బిగించిన కఱ్ఱలతో సాయంకాలము కోడుగట్లపై వరుసగ నిలుచుండుట చూచితిమి. వారిలో మావారి పూర్వశిష్యు డొకడుండి, తన డబ్బా తెఱచి చూపెను. మా యింటి కుంకుమభరిణెలకంటె నెక్కువ రంగులందున్నవి. ఆకుపచ్చ, పసుపు, తెలుపు, నలుపు. "ఇన్ని యేల నాయనా?" అంటిమి.

"నీటిని బట్టండి, అమ్మగారూ. నీరు తేటగా ఉండి ఎండ కాస్తుంటే ఆకుపచ్చది. అసలు కప్పలా ఉండాలి గదండీ. మబ్బు పట్టినా, పొద్దు గూకుతున్నా నల్లది."

నల్లనిది చీకటిలో నెట్లు కనబడునని మేము సందేహింప, చేప క్రిందనుండి పైకి చూచునని యతడు జ్ఞప్తి చేసెను. తెల్లవారని యాకాశమునకు కాకి యెట్లో, సాయంకాలపు నీటికి నల్లకప్ప యట్లు. ఈ కప్పలకు రెండు కొక్కెములు వీపునకు ఒదిగియుండును. అందుచే గుఱ్ఱపుడెక్కకు తగులుకొనక దానిమీదుగ జాఱిపోవును. చేప పట్టి నొక్కినప్పుడే రబ్బరు కుంగి కొక్కెములు బయటపడును. పట్టిన తోడనే లాగరాదు, ఒకటి రెండు లెక్కించునంత తడవు తాళవలెను. ఈ నేర్పునకు మూలము విచారింప, అమెరికాలో మిచిగను రాష్ట్రమున తేనెటీగలను పెంచు జేమ్సు హెడన్ అను నతడు 19వ శతాబ్దాంతమున కొయ్యతో కప్పబొమ్మను చెక్కి, అచ్చటి బాసు అను చేపను మోసగించుట ప్రసిద్ధము. అతని బొమ్మలు వర్తకమై లోకమంతట పాకినవి. నేడు అమలాపురపు కుఱ్ఱవాడు టపాలో తెప్పించుకొనుచున్నాడు.

ఈ వేటలో నొక విషయము మాత్రము మేము మెచ్చలేకపోయితిమి. వానకాలమున కొరమీను పిల్లలు చేయును. ఎఱ్ఱని చిన్నపిల్లలు వందలకొలది యొక బంతివలె గూడి, గాలికై నీటిపైకి వచ్చుచు పోవుచుండగా, క్రింద తల్లియో తండ్రియో కావలియుండును. ఆ పిల్లలగుంపు పైకి లేచినచోట రబ్బరు కప్పను విసరి దాని మీదుగ లాగినచో, కావలి చేప తప్పక పైబడును. ఆకలిగొని కాదు. పిల్లలపై శత్రువు వచ్చెనని. గంటలకొలది ఫలము లేక నిలుచున్న బాలుడు గుంపును చూచినంతనే యుత్సాహముతో కఱ్ఱ యెత్తెను. గట్టుపై కూర్చుండి వల యతుకుచున్న వృద్ధుడొకడు కేక వేసెను.

"ఒరే అబ్బాయ్, పిల్లలకోడిని పట్టుకుని కోసుకుంటామా?"

"కోసుకోం తాతా! ఫోటో తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేత్తాం."

"నువ్వు ఫోటో తీసేలోపు ఆ పిల్లల్ని జెల్లలు తినేత్తాయిరా."

బాలుడు సిగ్గుపడి కఱ్ఱ దింపెను. వాని స్నేహితుడు మాత్రము దింపలేదు. అతడు పట్టెను, ఫోటో తీసెను, వదలెను. తల్లిచేప మరల మునిగినది గాని, పిల్లలబంతి యప్పటికి చెదరిపోయి మాకు మరల కనబడలేదు. గాలమునకు గ్రుచ్చినది వానపామైనను, కప్పయైనను, రబ్బరైనను, జీవి ఆకలికి లోబడి మోసపోవుట లోకసహజము. ఇచ్చట ఎఱయైనది ఆకలి కాదు, బిడ్డలపైగల మమత. ఈ రెంటికి భేదము లేదనువారితో మేము వాదింపజాలము. మన యిండ్లలో నిట్టి కఱ్ఱలు పట్టు బాలురున్నచో, రంగుల డబ్బా కొనియిచ్చుటకు ముందు ఈ యొక్క కట్టడి చేయుట తల్లుల పని.

ఆ వృద్ధునితో మఱికొంత సేపు మాటలాడితిమి. ఆయన రబ్బరు కప్పను దూషింపలేదు. "కప్పలేవండీ ఇప్పుడు? సావిడి దీపం కింద బుట్టెడు దొరికేయి" అనెను. చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు పెరిగినకొలది వాని నీరు కోళ్లలోనికి వచ్చుచున్నదనియు, కొన్ని దినములు కోడునీరు ఉప్పనగును, కొన్ని దినములు కంపుకొట్టుననియు, అట్టి దినములలో ఏ యెఱ పెట్టినను బెండు కదలదనియు చెప్పెను. రంగును చూచి, వాసన చూచి నీటి స్వభావము చెప్పగల మనుష్యుడు, "ఈ నీళ్ళు నాకు తెలీటం లేదండి" యని యనుట విని మేము కొంతసేపు మాటలాడలేకపోయితిమి.

మాఘమున అంతర్వేది తీర్థమునకు పోవుచు గన్నవరమువద్ద దిగితిమి. అచ్చట వైనతేయ మీదుగ కాలువను దాటించు అక్విడక్టు గలదు. మొదటిదానిని 19వ శతాబ్దమున కట్టిరి. ఇప్పటిదానికి దొక్కా సీతమ్మగారి పేరు. 1841లో జన్మించి 1909లో గతించిన ఆ యన్నదాత లంకలగన్నవరమున నాకొన్నవారికి వేళ యనక వడ్డించిన కథ మన పాఠకురాండ్ర కెఱుకయే. పైన కాలువ, క్రింద ఏఱు. ఒకచోట నిలిచి రెండు నీళ్లను చూడవచ్చును. పైదానిలో పిల్లలు పిండియుండలు వేసి చిన్నచేపలను పట్టుచుండిరి.

రాజోలు దాటి మలికిపురము మీదుగ పోయినకొలది గాలిలో నుప్పు తెలియును. అంతర్వేదివద్ద వసిష్ఠ సముద్రమున కలియును. వేసవిలో ఏటిలో పైనీరు తగ్గగా పోటునీరు పాయలలో చాలదూరము పైకెక్కును, వఱదకాలమున ఆ నీటిని మంచినీరు మరల వెనుకకు త్రోయును. ఈ తీపియుప్పుల నడుమ తిరుగుచు బ్రతుకు చేప పండుగప్ప. వంగదేశమున భేట్కి యనియు, ఆస్ట్రేలియాలో బారముండి యనియు పిలుచునది యిదియే. రాత్రి దీపము చూపిన దీని కన్నులు నిప్పుకణములవలె మెఱయును. వింత యేమన, ఇది మగదై పెరిగి, కొన్నియేండ్ల పిదప ఆడుదియగును. కావున గంపెడంత పండుగప్ప గాలమునకు పడినచో అది ఆడుదియే యని తలంపవచ్చును. అట్టివే సముద్రమువైపు పోయి గ్రుడ్లు పెట్టవలసినవి. చెన్నపట్టణమునందలి ఉప్పునీటి చేపల పరిశోధనసంస్థవారు 1997లో దీనిని తొట్లలో పిల్లలు పెట్టించిరి. నేడు చెఱువులలోను పెంచుచున్నారు. చెఱువులో పెరిగినదానికి మేత చల్లుదురు. ఏటిలోనిదానికి బుద్ధి నుపయోగింపవలెను.

ఏటిగట్టున నొక స్త్రీ, మా యీడుదియే, రొయ్యల కుండ ముందు పెట్టుకొని కూర్చుండెను. తెల్లవారకముందే మోకాటిలోతు బురదనీట వంగి, చేతులతో తడవి పట్టిన రొయ్యలవి. గాలమువారు ఆమెవద్ద కొనుక్కొని పోవుచున్నారు. చచ్చిన రొయ్య నెవరును ముట్టరు. కాబట్టి గడియ కొకసారి నీరు మార్చుచు, కుండపై తడియాకు కప్పుచు, వాని ప్రాణములను కాచుటయే యామె వర్తకము. కొమ్ము మొదట, నల్లని చుక్కకు తగులకుండ గ్రుచ్చినచో రొయ్య చాలసేపు బ్రతికియుండునని గ్రుచ్చి చూపెను. ఆ నల్లచుక్కవద్దనే దాని ప్రాణమట.

"ఎల్లకాలము రొయ్యయేనా అమ్మా?" అని యడిగితిమి.

"కాదండి. ఇయాల ఏకాశి గదండీ, పోటు సన్నంగా ఉంది, నీళ్ళు తేరినియ్యి. చేపకి కన్ను బాగా ఆనద్ది. సన్నతాడు, చిన్న రొయ్య, మన నీడ పడకుండా దూరంగా ఎయ్యాల. పున్నం దాటేక పోటు లేస్తాదండి, అడుగుమట్టంతా పైకొస్తాది. అప్పుడు రొయ్య కనపడదు. అరచేతంత చేపపిల్లని పెట్టాల, అది కొట్టుకుంటా ఉంటే పండుగప్పకి తెలుస్తాది."

"చదువుకొంటివా?"

"లేదండి. తిథులొచ్చండి."

పంచాంగము చూచి ముహూర్తములు పెట్టుకొను మనకు, అష్టమికి పోటు తగ్గి, పూర్ణిమకును అమావాస్యకును హెచ్చునన్న సంగతి చదువులోనిదే. దానినిబట్టి నీరు తేఱుట, కలగుట, కలగినదానినిబట్టి ఎఱ మారుట అను గొలుసును ఆమె యొక గ్రుక్కలో చెప్పెను. ఆస్ట్రేలియావారు బూటకపు చేపబొమ్మలతో ఈ చేపనే పట్టుచు, తేటనీటికి సహజవర్ణమును, కలకనీటికి బంగారువన్నెను వాడుదురట. వన్నె యెట్టిదైనను తర్క మొక్కటే. పండుగప్ప వెంటాడి పట్టునది కాదు, పొంచి మ్రింగునది. కాబట్టి ఆటు వేళ పిల్లకాలువనుండి నీరు ఏటిలోనికి దిగుచోట, చిన్నచేపలు బయటికి కొట్టుకొనివచ్చు ద్వారమువద్ద, వంతెన స్తంభముల వెనుక, మడచెట్ల వేళ్ల చాటున వేయుదురు. పోటువేళ దినదినము ముప్పావుగంటకు పైగా వెనుకబడుచుండుటచే, నిన్న ఉదయము చేప దొరికెనని నేడును ఆ వేళకే వచ్చినవాడు ఉత్తచేతులతో పోవును. మాఘపు చలికి ఈ చేప మందగించును. ప్రొద్దెక్కి నీరు వెచ్చబడినగాని నోరు తెఱవదు. అందుచే తీర్థపుజనము రథము చూచి మరలు వేళకు గాలమువారు వచ్చుచుండిరి. ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు సముద్రములో మరపడవల వేట నిషేధము. చేతిగాలమునకు నిషేధము లేదు. చైత్రవైశాఖములలో ఉప్పునీరు పైకెక్కినప్పుడే తన కుండకు గిరాకియని ఆమె చెప్పెను.

మేము చూచుచుండగా నొకడు రొయ్యలు చిన్నవిగనున్నవని బేరమాడెను. "పెద్దయ్యి పున్నానికి రా, ఇయాల ఇయ్యే" యని యామె ధర తగ్గింపలేదు. అతడు గొణుగుచునే ఆరు కొనుక్కొని పోయెను. కుండలో మఱి నాలుగు మిగిలియుండెను. ఎండ తీక్ష్ణమగుచుండుటచే ఆమె మావద్ద సెలవు తీసికొని, కుండ చంకనెత్తుకొని, నీరు మార్చుటకై మెల్లగ ఏటిలోనికి దిగెను.